ఎడమ పాదం మీది నీలిచుక్క

బాల్‌పెన్ను మొన అరికాలికి తగిలితే ముందు చల్లగా ఉంటుంది, తర్వాత గిలి పెడుతుంది. ఆ రెంటికీ నడుమ రెప్పపాటు ఖాళీ ఒకటుంటుంది. ఆ ఖాళీలో నాకు రోజూ గుండె ఆగినంత పనవుతుంది. పొద్దున తొమ్మిదింటికి ఆఫీసులో నా కుర్చీలో కూర్చుని, ఎడమ చెప్పు విడిచి, పాదం మోకాలి మీదికి తీసుకుని, చిటికెన వేలి మొదట్లో ఉండే మెత్తటి చోట పెన్ను ఆనిస్తాను. కొత్తగా చేరిన పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మేడంకి ఏదో మొక్కు ఉందని ఒకమ్మాయి పక్కమ్మాయితో గుసగుసలాడటం నా చెవిన పడింది. అననీ. బయట విమానం దిగుతుంటుంది, కిటికీ అద్దం సన్నగా వణుకుతుంది, నేను గిలి కోసం ఎదురుచూస్తుంటాను. ఇది నాకు అంటించిన మనిషి పేరు ఖైరున్నీసా. ఖైరున్ ఆపా అనేదాన్ని, ఆపా అంటే అక్క. ఆమెను మీరు చూసి ఉండరు, ఇక చూసే వీలూ లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా పని గురించి ఒక ముక్క చెప్పాలి, లేకపోతే ఆపా మీకు అర్థం కాదు. సముద్రాలకవతల ఏదో దవాఖానలో డాక్టరు ఒక మనిషిని చూస్తాడు, చూసింది రాస్తాడు. ఆ రాత మా కంప్యూటర్లకు వస్తుంది, పేరున్న చోట నల్లపట్టీతో. దాన్నే మేం చార్టు అంటాం. ఆ చార్టు చదివి, ప్రతి జబ్బుకూ ప్రతి పుండుకూ లావుపాటి పుస్తకంలో ఉన్న నంబరు వెతికి వేస్తాం. ఇన్సూరెన్సు వాళ్ళకు మనిషి అక్కర్లేదు, నంబరు చాలు. శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన మరుసటి ఏడు నేనీ కొలువులో చేరాను. పాల్మాకుల నుంచి షేర్ ఆటోలో వచ్చేదాన్ని. నా ఉద్యోగం ఏమిటో మా బాపుకు చెబితే చాలాసేపు ఆలోచించాడు. "పుండ్లకు నంబర్లేసుడా? డిగ్రీ సదివింది గిందుకా బిడ్డా?" అన్నాడు. ఆ మాటకు ఆ రోజు నాకు మండిపోయింది గానీ, ఇన్నేళ్ళయినా నా పని గురించి అంతకన్నా సూటిగా నేను చెప్పలేను.

ఆఫీసు ఒక మిఠాయి దుకాణం పైన రెండో అంతస్తులో ఉండేది. పొద్దున పదింటికి కింద జిలేబీ పాకం మరిగేది. ఆ తీపి వాసన మెట్ల మీదుగా పైకొచ్చి గదంతా పట్టేది, మేమేమో షుగరు రోగుల చార్టులు ముందేసుకుని కూర్చునేవాళ్ళం. మధ్యాహ్నం ఒక వేళకు దిగే విమానం నీడ మా బల్లల మీదుగా పోయేది. శబ్దం కన్నా ముందు నీడ వచ్చేది. చేతుల మీదుగా, కీబోర్డుల మీదుగా నల్లగా జారి గోడెక్కి మాయమయ్యేది. అందరం ఒక్క క్షణం పని ఆపేవాళ్ళం. ఆపా మాత్రం ఆపేది కాదు.

ఆమెకు అప్పటికే యాభై దాటాయి. పాత నగరంలో ఒక దవాఖానలో ఇరవై ఏళ్ళు పుండ్లకు కట్లు కట్టిన నర్సు. ఆయాసం వల్ల వార్డుల్లో తిరగలేక కోడింగ్ నేర్చుకుని మాకు ఆడిటరైంది, అంటే మేం వేసిన నంబర్లు సరిచూసే మనిషి అన్నమాట. గుండ్రటి మొహం, నిండు బుగ్గలు. చిన్నప్పటి నుంచి శంషాబాద్‌లోనే పెరిగింది కాబట్టి మా ఊరివాళ్ళలాగే తెలుగు మాట్లాడేది, మధ్యలో దక్కనీ దొర్లేది. చేరిన మూడో రోజు నన్ను పిలిచింది. నేను నంబర్లేసిన చార్టొకటి ఆమె తెర మీద ఉంది.

"పుండు యాడున్నది?" అంది.

"కాలికి మేడం."

"మేడం గీడం నక్కో. ఆపా అను. కాలంటే యాడ? మడమకా, వేలికా, నడుమనా? నువ్వు మడమ నంబరేసినవు. చూసినట్టే ఏసినవు."

ఆమె ఎడమ చెప్పు వదిలేసి, పాదం ఎత్తి మోకాలి మీద పెట్టుకుంది. నీలిరంగు బాల్‌పెన్ను తీసింది. చార్టు గట్టిగా చదవమంది. ఎడమ పాదం, చిటికెన వేలి మొదట్లో, అడుగుభాగాన, రూపాయి బిళ్ళకు సగమంత పుండు అని నేను చదువుతుంటే, ఆమె తన పాదం మీద సరిగ్గా అక్కడ పెన్నుతో సున్నా చుట్టింది. చుట్టగానే కాలు వెనక్కి లాక్కుని, "హాయ్ అల్లా! గిలి, గిలి!" అని కుర్చీలో మెలికలు తిరిగిపోయింది. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నవ్వాక ఆమె మొహం మామూలైంది. "షుగర్ ఎట్ల వచ్చింది గీయనకు? చదువు."

దమ్ముకు, అంటే ఆయాసానికి, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ గోలీలు మింగడం వల్ల వచ్చిందని డాక్టరు రాశాడు. నేనది చదివి కూడా వదిలేశాను, షుగర్ అంటే షుగరే కదా అనుకుని. "మందు తెచ్చిన షుగర్‌కు పోయినేడే అలగ్ నంబరు ఇచ్చిండ్రు," అంది ఆపా. "యాద్ పెట్టుకో. గిసుంటి చార్టుకు మూడు నంబర్లు. షుగర్‌కొకటి, పుండుకొకటి, ఆ మందుకొకటి. మూడింట్ల ఒకటి లేకపోతే ఆయన కథ తెగిపోతది. రేపు ఇంకో డాక్టర్ చూస్తే ఎందుకొచ్చిందో తెల్వకపాయె."

ఆ రోజే రెండు సూత్రాలు కూడా చెప్పింది. మొదటిది, రాసింది ఉన్నది, రాయనిది లేదు. డాక్టరు రాయని జబ్బును మేం ఊహించి నంబరు వేయకూడదు, మాకెంత తెలిసినా సరే. రెండోది, అనుమానం వస్తే పసుపు చీటీ మీద డాక్టరును అడగాలి, కానీ జవాబు మనం అందించకూడదు. "నోటికాడికి అందిస్తే ఎవడైనా హౌ అంటడు, అవునంటడు. అడుగు. అడిగి ఊకో." ఈ రెండూ నా ఎముకల్లో ఇంకిపోయాయి. అంతగా ఇంకిపోయినందుకు తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ చార్టు మనిషి మళ్ళీ వచ్చాడు. నెలకోసారి, ఒక్కోసారి నెలలో రెండుసార్లు. నల్లపట్టీ కింద ఆయన పేరేమిటో మాకు తెలియదు, చార్టు నంబరే గుర్తు. ఆపా ఆయన్ని మెహమాన్ అనేది, అంటే చుట్టం. "స్వరూపా, మన మెహమాన్ వచ్చిండు చూడు," అని నన్ను పిలిచేది. తెరవైపు వంగి, "క్యా మియా, ఎట్లున్నవు?" అని నిజంగానే అడిగేది. అడిగి కాసేపు ఆగేది. ఆ ఆగడం నాకు నచ్చేది కాదు, వీపు మీద ఎవరో ఊదినట్టుండేది. ఆయన పుండు ఒక నెల తగ్గేది, ఇంకో నెల పెరిగేది. ఎప్పుడొచ్చినా ఆపా ఎడమ చెప్పు విడిచేది, అదే చోట నీలిసున్నా చుట్టేది. సాయంత్రం ఇంటికెళ్ళి కడుక్కునేదేమో, మళ్ళీ నెల తిరిగేసరికి కొత్త సున్నా.

"నీ కాలి మీద ఎందుకు ఆపా? కాయితం మీద గియ్యరాదా?" అని ఒకసారి అడిగాను.

"కాయితం మీది కాలికి నొప్పి పెట్టదు బిడ్డా. నొప్పి లేని కాడ మనిషి తప్పు జేస్తడు," అంది.

ఆమె బల్ల సొరుగులో స్టీలు వక్కల డబ్బా ఒకటుండేది. అందులో వక్కలు కాదు, తెల్లటి చిన్న గోలీలు. పొద్దున చాయ్‌తో రెండు వేసుకునేది. మెట్లెక్కి వచ్చినప్పుడు ఆమె ఛాతీ పిల్లనగ్రోవిలా కూసేది. గోలీ పడ్డాక తగ్గేది. "ఎన్నేండ్ల సంది ఆపా?" అంటే, "నువ్వు లంగ వోణీ కట్టకముందు సంది," అని నవ్వింది. ఎవరో డాక్టరు ఎప్పుడో పది రోజులకు రాసిచ్చాడట. పదకొండో రోజు ఆయాసం మళ్ళీ వచ్చింది. మందుల దుకాణం అతను అడక్కుండానే ఇచ్చాడు, ఆమె మానలేదు. ఇంట్లో చెల్లెలు సబీహాకు తెలిస్తే కోప్పడుతుందని డబ్బా ఆఫీసులోనే దాచేది. ఇదంతా నేను కళ్ళారా చూశాను. ఇవే గోలీలు, ఇదే ఆయాసం, ఇలాగే గుండ్రంగా ఉబ్బే మొహం, వీటి గురించి వందల చార్టుల్లో చదివి నంబర్లేశాను. ఎదురు కుర్చీలో ఉన్న మనిషి దగ్గరికి వచ్చేసరికి నా బుర్ర పనిచేయలేదు. ఆమెకు చార్టు లేదు మరి.

గిలి ఏ రోజు పోయిందో నాకు తెలియదు. చేరిన కొత్తల్లో ప్రతిసారీ కేకలు పెట్టి నవ్వేది. మూడేళ్ళు గడిచాక ఒక రోజు గమనించాను, పెన్ను పాదం మీద తిరుగుతోంది, ఆమె కిటికీ వైపు చూస్తోంది. మొహంలో కదలిక లేదు. అలవాటు పడిపోయిందనుకున్నాను. ఆ తర్వాత కొత్త పుస్తకం వస్తోందని మాకందరికీ శిక్షణ మొదలైంది. పాత పుస్తకంలో ఏ కాలో చెప్పక్కర్లేదు, కొత్తదాంట్లో కుడా ఎడమా అన్నది కూడా చెప్పాలి, పుండు ఎంత లోతో కూడా చెప్పాలి. ఆపా మా అందరితో చెప్పులు విడిపించి పాదాలకు గుర్తులు పెట్టించింది. ఎనిమిది మంది ఆడపిల్లలం ఒకటే కిచకిచలు. ఆమె కూడా తన పాదం మీద పెట్టుకుంది. మా నవ్వులు విని, మా మొహాలు చూసి, అప్పుడు నవ్వింది. నవ్వు ఆలస్యంగా వచ్చింది.

"ఆపాకు గిలి లేదు, అంటే సిగ్గు లేనట్టే," అని ఒకమ్మాయి ఆటపట్టించింది. "సిగ్గు ఉంటే గీ వయసుల కాలెత్తి కూసుంటనా?" అంది ఆపా. అందరం మళ్ళీ నవ్వాం. నేను మాత్రం ఆమె కళ్ళు చూశాను. అవి తన పాదం వైపు, మనది కాని వస్తువును చూసినట్టు చూస్తున్నాయి. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఆ రోజే అడగాల్సింది, అడగలేదు.

ఆ ఏడు చలికాలంలో ఒక మధ్యాహ్నం మెహమాన్ మళ్ళీ వచ్చాడు. కొన్నాళ్ళుగా ఆపా మేజోళ్ళు వేసుకుంటోంది. మేజోడు లాగితే రాలేదు. వేలి దగ్గర అంటుకుంది. గట్టిగా గుంజి తీసింది. కిందనుంచి వస్తున్న జిలేబీ వాసనలో ఇంకేదో వాసన కలిసింది. ఆమె కళ్ళు తెర మీద ఉన్నాయి. "చిటికెన వేలు మొదట్ల, పోయినసారి కన్నా లోతుగ," అని చదువుకుంటూ పెన్ను ఆనించింది. ఆనించిన పెన్ను లోపలికి దిగింది. నేను నా కళ్ళతో చూశాను. మొన కనపడకుండా పోయింది. ఆమె తీరిగ్గా సున్నా చుడుతోంది, నీలం మీదికి ఎరుపు ఊరుతోంది, ఆమె ఇంకా చదువుతూనే ఉంది.

"ఆపా!" అని అరిచాను.

"ఏందే?"

"నీ కాలు... కాలు చూసుకో ఆపా!"

వంగి చూసుకుంది. పెన్ను బయటికి తీసింది. మొనను చూసింది. అప్పుడే విమానం నీడ బల్ల మీదుగా, ఆమె పాదం మీదుగా పోయింది. ఆమె మెల్లగా తలెత్తి నాతో అన్న మాట ఇది. "సరిగ్గ గాడనే ఉన్నది గదా?"

నాలుగేళ్ళు ఆయన పుండును తన పాదం మీద గీసుకుంది, చివరికి ఆయన పుండే ఆమెకొచ్చింది. ఆ రోజంతా నేను అలాగే అనుకున్నాను, దెయ్యం కథ విన్నట్టు వణికాను. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది, దెయ్యం కన్నా ఘోరం అది. గోలీల వల్ల ఎప్పుడో షుగర్ వచ్చింది, షుగర్ వల్ల పాదంలో స్పర్శ పోయింది. గిలి లేదు కాబట్టి పెన్ను ఎంత గట్టిగా నొక్కుతోందో ఆమెకు తెలియలేదు. నెల నెలా అదే చోట నొక్కి నొక్కి, ఆ పుండును ఆమె చేతులారా తవ్వుకుంది. మొదటిసారి నవ్వు రానప్పుడే నేను నోరు విప్పి ఉంటే సరిపోయేది. ఈ మాట రాస్తుంటే కూడా నాకు నా మీద కోపం వస్తోంది.

మర్నాటి నుంచి ఆమె ఆఫీసుకు రాలేదు, రెండు రోజుల్లో జ్వరం ముంచుకొచ్చింది. సబీహా ఆమెను హైవే పక్కన ఒక దవాఖానలో చేర్పించింది. సాయంత్రం ఆరింటికి నేను వెళ్ళేసరికి ఆపా కళ్ళు మూతలు పడుతున్నాయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. చిటికెన వేలూ దాని వెనక ఎముకా కుళ్ళాయి, రేపు మూడింటికి తీసేస్తామన్నారని సబీహా ఏడుస్తూ చెప్పింది. మంచం కాళ్ళ దగ్గర కేస్ షీటు వేలాడుతోంది. చదవడం తప్ప ఇంకేం రాని దాన్ని కదా, చదివాను. షుగర్ ఉంది, కొత్తగా బయటపడింది అని రాశారు. వాడుతున్న మందులు అన్న చోట 'ఏమీ లేవు' అని ఉంది.

"ఆపా, గోలీల సంగతి చెప్పినవా?" అని చెవి దగ్గర అడిగాను.

ఆమె కళ్ళు తెరవకుండానే నవ్వింది. "వాళ్ళు అడగలే. రాయలే. రాయనిది లేదు గద బిడ్డా."

అక్కడున్న నర్సుకు ఒక్క మాట చెబితే పోయేది. చెప్పలేదు. సిగ్గుతో ఒప్పుకుంటున్నాను, నాకు నోరు రాలేదు. నాలుగేళ్ళు ఒకే పాఠం. డాక్టరు రాసిందే ఉన్నది, నువ్వు అందించకూడదు, నీకెంత తెలిసినా సరే. ఆ కేస్ షీటును నేను చార్టు చదివినట్టే చదివి, ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేసి, ఆటో ఎక్కి పాల్మాకుల వెళ్ళిపోయాను. బాపు అన్నం తినమంటే ఆకలి లేదన్నాను.

మర్నాడు ఆఫీసులో పదకొండింటికి నా తెర మీద మెహమాన్ చార్టు తెరుచుకుంది. ఆపా లేదు కాబట్టి నాకు వచ్చింది. మొదటి కాగితం చదివి కుర్చీలో వెనక్కి వాలాను. ఆయన ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. రెండో కాగితం, కోత అయిన మర్నాటిది. 'ఎడమ పాదం వెచ్చగా ఉంది, నాడి బాగా కొట్టుకుంటోంది, పుండు శుభ్రంగా ఉంది.' మూడో రోజు అదే వాక్యం. నాలుగో రోజు అదే. ఎవరో నిన్నటి రాతను ఇవాళ్టికి అతికించుకుంటూ పోయారు. మా పనిలో అలాంటివి తగులుతాయి, పసుపు చీటీ పెట్టి ముందుకెళతాం. ఆ రోజు మాత్రం ముందుకెళ్ళలేకపోయాను. లేని పాదం ఒకటి కాగితం మీద వెచ్చగా పడుకుని ఉంది. దానికి నాడి ఉంది. రోజూ ఒకరు దాన్ని చూసి బాగుందని రాస్తున్నారు. మంచం మీద ఉన్న మనిషి వైపు ఒక్కరూ చూడటం లేదు. నేను నిన్న చేసింది కూడా అదే కదా అనిపించింది.

పసుపు చీటీల కట్ట కోసం ఆపా సొరుగు లాగాను. స్టీలు డబ్బా గలగలమంది. అది ఇక్కడుంది. అంటే మూడు రోజులుగా ఆమె గోలీ వేసుకోలేదు. ఏళ్ళ తరబడి ఆ గోలీలు మింగిన ఒంట్లో అదే రకం హార్మోను సొంతంగా ఊరడం మానేస్తుందని, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుందని, కోత కోసేటప్పుడైతే బల్ల మీదే పోవచ్చని నాకు నేర్పింది ఆపానే. ఆ కళ్ళు మూతలు పడటం జ్వరం వల్ల కాదేమో. డబ్బానూ చీటీల కట్టనూ పట్టుకుని మెట్లు దిగాను, ఆటో కోసం కూడా ఆగలేదు, హైవే అంచున పరుగెత్తాను. చున్నీ ఎక్కడ జారిపోయిందో తెలియదు.

వార్డులో ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు, మాటను బట్టి కోస్తా మనిషి. "ఎవరమ్మా మీరు? పేషెంటుకి ఏమవుతారు?" అన్నాడు.

"ఆపా దగ్గర పనిచేస్తా సార్. కేస్ షీటుల మందులు లేవని రాసిండ్రు."

"లేవనే కదా చెప్పారు వాళ్ళ చెల్లెలు గారు."

"ఆమెకు తెల్వదు సార్." కట్టలోంచి ఒక పసుపు చీటీ తీసి, ఆఫీసులో రాసినట్టే రాశాను. ఈ డబ్బాలోవి రోజూ రెండు చొప్పున ఏళ్ళుగా వాడుతున్నారు, మూడు రోజులుగా లేవు, ఇవేమిటో చూసి కేస్ షీటులో రాయగలరు. చీటీ, డబ్బా రెండూ ఆయన ముందు పెట్టాను.

ఆయన మూత తీసి ఒక గోలీని తిప్పి చూశాడు. మొహం మారిపోయింది. మంచం దగ్గరికెళ్ళి బీపీ చూశాడు, మళ్ళీ చూశాడు. "మత్తు డాక్టరు గారిని పిలవండి, థియేటర్ ఆపమని చెప్పండి, త్వరగా!" అని కేకేశాడు. ఆ తర్వాత అంతా నరానికి సూదులు, సెలైన్లు, పరుగులు. నేను గోడకానుకుని నిలబడ్డాను. సబీహా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. సాయంత్రానికి ఆపా కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. కోత మర్నాటికి వాయిదా వేశారు. వేలూ, దాని వెనక ఎముకా పోయాయి. మనిషి మిగిలింది.

మూడో రోజు ఆమె నన్ను మొట్టమొదట అడిగిందేమిటో తెలుసా? "డాక్టర్‌కు జవాబు చెప్పినవా ఏంది?"

"లే ఆపా. డబ్బా ముంగట వెట్టి, ఇవేందో రాయమని అడిగిన."

"అయితే పాస్," అని నవ్వి, కాసేపటికి నవ్వు ఆపి, దుప్పటి వైపు చూస్తూ అంది, "గిలి పోయిన దినం నాకు తెలుసు స్వరూపా. నీకు తెల్వదనుకున్న గని, నాకైతే తెలుసు. ఇరవై ఏండ్లు పుండ్లు కట్టిన దాన్ని, తెల్వదా? చెప్పలే. చెప్తే రాస్తరు. రాస్తే ఉన్నట్టే అయితది." నాకు సూత్రంలా నేర్పిన మాటను ఆమె తన కోసం దుప్పటిలా కప్పుకుందని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. "నక్కో బేటీ, నక్కో," అని ఆమే నన్ను ఓదార్చింది.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం ఆమె వేళ్ళు మడుస్తూ చదివింది. మందు వల్ల వచ్చిన షుగర్, ఒకటి. ఎడమ పాదం పుండు, రెండు. స్టెరాయిడ్ గోలీలు, మూడు. "మూడూ ఉన్నయి," అంది తృప్తిగా. కాగితం తిప్పింది. వెనక 'పాదాలు రెండూ మామూలుగా ఉన్నాయి' అని అచ్చులో ఉంది, ముందే అచ్చేసిన ఫారంలోని ఆ మాటను ఎవరూ కొట్టేయలేదు. ఆమె ఆ వాక్యాన్ని చాలాసేపు చూసి, కట్టు మీద చెయ్యి వేసుకుంది. కాగితం మీద మిగిలిన మెహమాన్ పాదం సంగతి ఆమెకు వార్డులోనే చెప్పి ఉన్నాను. "మెహమాన్ ఆయన కాలు నాకిచ్చిపోయిండు చూడు," అంది. నవ్వుతోందో లేదో నాకు తెలియలేదు.

కొన్ని నెలలు మళ్ళీ ఆఫీసుకు వచ్చింది, కర్ర పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ. గోలీలు డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గిస్తోంది. మెహమాన్ ఏమయ్యాడని రోజూ అడిగేది. ఆయన చార్టు మళ్ళీ రాలేదు. మా పనిలో అంతే, మనిషి మధ్యలో ఆగిపోతాడు, చివరిదాకా ఎవరినీ చూడం. ఒక రోజు ఇంకెవరిదో పాదం చార్టు వచ్చింది. ఆమె అలవాటుగా ఎడమ కాలి మీదికి చెయ్యి పోనిచ్చింది. గుర్తు పెట్టాల్సిన చోటు ఇప్పుడు ఆమె పాదంలో లేదు. చెయ్యి అక్కడే ఆగింది. తర్వాత నా వైపు తిరిగి, "నీ కాలియ్యి," అంది.

ఇచ్చాను. ఒళ్ళో పెట్టుకుని పెన్ను ఆనించింది. చల్లగా తగిలింది. ఆ వెంటనే గిలి పెట్టి నేను కెవ్వుమన్నాను, కాలు లాక్కోబోతే గట్టిగా పట్టుకుంది. తలెత్తి నా మొహంలోకి చూసింది. అంత ఆత్రంగా నన్ను ఎవరూ ఎప్పుడూ చూడలేదు, మా అమ్మ కూడా. "ఉన్నదా?" అంది. "ఉంది ఆపా," అన్నాను. "రోజూ చూసుకో. ఉంటే రాయి. లేకున్నా రాయి. దాచకు." అని నా పాదాన్ని చున్నీతో తుడిచి కింద పెట్టింది.

ఆ తర్వాతి వానల్లో ఆమె పోయింది. ఊపిరితిత్తులు ఇక లాగలేకపోయాయని సబీహా చెప్పింది. స్టీలు డబ్బా సబీహా నాకిచ్చింది. అందులో ఇప్పుడు నా పెన్ను మొనలు, పిన్నులు పెట్టుకుంటాను. నాకు షుగర్ లేదు, గోలీల అవసరం కూడా రాలేదు, అయినా పొద్దున మొదటి చార్టు తెరవకముందు ఎడమ చెప్పు విడుస్తాను. పెన్ను ఆనిస్తాను, నొక్కను. ఆ రెప్పపాటు ఖాళీలో గదిలో నాతో పాటు ఇంకెవరో ఊపిరి బిగబట్టినట్టుంటుంది. ఇన్నేళ్ళయినా ఆ భావన పోలేదు, పోవాలని కూడా లేదు. గిలి వస్తుంది. నోట్‌బుక్‌లో తేదీ వేసి, ఎడమ పాదం, తెలిసింది అని రాస్తాను. రాసి, పిల్లలు వింటారని కూడా చూడకుండా పైకే అంటాను. "ఉన్నది ఆపా. రాసిన."